పాత స్నోమొబైల్‌కు వేరే వెనక సస్పెన్షన్: ఏది కూర్చుంటుంది, ఏది కూర్చోదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మంచు మీద నడిచే బండి, తొంభైల నాటి పొలారిస్ ఇండీ ట్రెయిల్, ఫ్యాన్‌తో చల్లబడే ఇంజను, 121 అంగుళాల ట్రాక్ (బండిని నెట్టే రబ్బరు పట్టా). ట్రెయిల్, అంటే మంచు బాట మీదే తిరుగుతారు. గతుకుల్లో వెనకభాగం ఎగరేసి కొడుతోంది, దిగేసరికి నడుం పట్టేస్తోంది. ఎడ్జ్ రకం స్కిడ్ (ట్రాక్ లోపలి సస్పెన్షన్ చట్రం) ఒకటి అమ్మకానికి కనిపించింది. మిత్రుడొకరు ఎం-10 అనే స్కిడ్ వేసుకోమంటున్నారు. ఇంకొకాయన ఎలాగూ విప్పుతున్నావు కదా, 136 అంగుళాల ట్రాక్‌కు వెళ్లిపో అంటున్నాడు. ఏది కొనాలి?

ఇప్పుడే ఏదీ కొనకండి. ఈ బళ్లను చాలా ఏళ్లుగా విప్పి బిగిస్తున్నాను. సస్పెన్షన్ మార్చాలంటూ వచ్చే పాత బళ్లలో చాలావాటికి చట్రం బాగానే ఉంటుంది, అందులో అరిగినవీ పట్టేసినవీ మారిస్తే సరిపోతుంది. నిజంగానే మొత్తం మార్చాల్సి వచ్చినప్పుడు కూడా అందరూ అడిగేది ఎన్ని అంగుళాల ట్రావెల్ (సస్పెన్షన్ పైకీ కిందకీ కదిలే దూరం), ఏ కంపెనీ షాకులు అని. అసలు అడగాల్సింది డ్రైవ్ యాక్సిల్ (ట్రాక్‌ని తిప్పే ఇరుసు) నుంచి స్కిడ్ బిగించే బెజ్జాలు ఎంత దూరంలో, ఎంత కింద ఉన్నాయని. ఆ లెక్క కుదిరితే మామూలు స్కిడ్ కూడా హాయిగా నడుస్తుంది. కుదరకపోతే ఎంత పేరున్నదైనా ట్రాక్‌ని, దాన్ని తిప్పే పళ్ల చక్రాలైన స్ప్రాకెట్లని నమిలేస్తుంది.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. స్కిడ్ అంటే ట్రాక్ లోపల కూర్చునే మొత్తం చట్రం: రెండు అల్యూమినియం రైల్స్, వాటి అడుగున జారే ప్లాస్టిక్ పట్టీలు (హైఫ్యాక్స్ అంటారు), ముందు ఆర్మ్, వెనక ఆర్మ్, రెండు షాకులు, టార్షన్ స్ప్రింగులు, చక్రాలు, వెనక యాక్సిల్. ఇది టనెల్ (ట్రాక్ మీద కప్పులా ఉండే రేకు చట్రం) పక్కల నుంచి నాలుగు బోల్టులతో వేలాడుతుంది. నాలుగూ విప్పితే మొత్తం బయటికొస్తుంది కాబట్టే వేరే బండిది తెచ్చి పెట్టొచ్చన్న ఆశ పుడుతుంది.

ముందు మీ దాన్నే పరీక్షించండి. బండి వెనకభాగాన్ని స్టాండ్ మీదకెత్తండి, ట్రాక్ నేలకు తగలకూడదు. ట్రాక్ టెన్షన్ బాగా వదులు చేయండి. టార్షన్ స్ప్రింగుల పొడవాటి కాళ్లను అడ్జస్టర్ల మీంచి తప్పించండి. దీనికి స్ప్రింగ్ లాగే కొక్కెం వాడండి, వేళ్లతో చేయకండి, జారితే వేలు విరుగుతుంది. రెండు షాకుల కింది బోల్టులు తీసేయండి. ఇప్పుడు రైల్స్‌ని చేత్తో పైకెత్తండి. వాటి బరువు తప్ప ఇంకే అడ్డూ తగలకుండా లేవాలి, వదిలితే దిగిపోవాలి. మధ్యలో కిర్రుమని ఆగినా, ఎత్తినచోటే నిలబడిపోయినా మీ రోగం దొరికినట్టే. ఆర్మ్ గొట్టం లోపల షాఫ్టు తుప్పు పట్టి బుష్‌ని (షాఫ్టు తిరిగే చిన్న గొట్టాన్ని) పట్టేసింది.

ఇది నేను చూసిన పాత బళ్లన్నిటిలో మామూలు జబ్బు. గ్రీజు నిపిల్స్ ఉంటాయి, కానీ ట్రాక్ లోపల, మంచు అడుగున ఉన్నవాటి జోలికి ఎవరూ పోరు. నీళ్లు దిగుతాయి, వేసవంతా బండి మూల పడుంటుంది, షాఫ్టు బుష్‌కి అతుక్కుంటుంది. నడిపేవాడికి తెలిసేది బండి గట్టిగా ఉందన్న సంగతి మాత్రమే. దాంతో మెత్తటి స్ప్రింగు వేస్తాడు, తర్వాత కొత్త షాక్ వేస్తాడు, తేడా కనబడదు, స్కిడ్డే పనికిరాదని తేల్చేస్తాడు. పట్టేసిన షాఫ్టుని నూనెలో నానబెట్టి, వేడి చేసి, బయటికి కొట్టి, కొత్త బుష్‌లు వేస్తే అదే బండి వేరేలా నడుస్తుంది.

దీనికి ఎదురు జబ్బు ప్లే, అంటే అరిగి వచ్చిన వదులు. వెనక బంపర్ పట్టుకుని మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తూ ఇంకొకరిని ఆర్మ్‌ల చివర్లు చూడమనండి. బంపర్ కదిలాక కానీ రైల్ కదలకపోతే, ఆ మధ్యలో పోయిన కదలికంతా అరిగిన బుష్‌లలోనూ, బోల్టు బెజ్జాల్లోనూ ఉంది.

షాకుల విషయానికొద్దాం. స్ప్రింగుతో పని లేకుండా షాక్‌ని ఒక్కదాన్నే తీసి నిలువుగా పట్టుకుని, షాఫ్టుని చివరిదాకా నొక్కి లాగండి. మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున బరువుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా చప్పున ఖాళీగా జారి మళ్లీ పట్టుకుంటే లోపల నూనెలో గాలి కలిసిపోయింది. గ్యాస్ నింపిన రకమైతే నొక్కి వదిలాక షాఫ్టు తనంతట తాను బయటికి రావాలి, రాకపోతే గ్యాస్ పోయింది. సీలు చుట్టూ జిడ్డు, దానికంటుకున్న దుమ్ము ఉంటే ఇక పరీక్షే అక్కర్లేదు. ఆ కాలపు చవక మోడళ్లలో విప్పి బాగుచేయడానికి వీల్లేని షాకులు వేసేవారు. అవి పోతే పోయినట్టే. వాటి స్థానంలో విప్పి నూనె, సీళ్లు మార్చుకోగలిగే రకం తీసుకోండి. కంటి (షాక్ చివర బోల్టు దూరే రంధ్రం) నుంచి కంటికి పొడవు, లోపలికి పోయే దూరం, కంట్లో బుష్ వెడల్పు, ఈ మూడూ పాతదానితో సరిపోవాలి. పొడవు సరిపోయి లోపలికి పోయే దూరం తక్కువైతే, సస్పెన్షన్ అడుగంటక ముందే షాక్ అడుగంటుతుంది. ఆ దెబ్బంతా షాక్ కంటి మీదా ఆర్మ్ వెల్డింగు మీదా పడుతుంది.

రైల్స్‌ని టార్చిలైటు వేసి చూడండి, ముఖ్యంగా ముందు వంపు దగ్గర, ఆర్మ్‌లు బిగించే బెజ్జాల చుట్టూ. వెంట్రుకంత గీత కనిపించినా అది పగులే అనుకోండి. తిన్నటి పట్టీ ఒకటి పక్కన ఆనించి వంకర చూడండి. హైఫ్యాక్స్ అరిగి ట్రాక్ క్లిప్పులు అల్యూమినియంకే తగులుతుంటే రైల్ అడుగు అంచు కూడా పోయుండొచ్చు. చక్రాల బేరింగులు వేలితో తిప్పితే గరగరలాడకూడదు. చాలా చక్రాల్లో ఉండేవి 6004 లేదా 6205 నంబరు బేరింగులే, ఎక్కడైనా దొరికే సరుకు.

రైల్స్ తిన్నగా ఉండి, ఆర్మ్‌లకు పగుళ్లు లేకపోతే నా ఓటు బాగుచేయించడానికే. షాకులు, మీ బరువుకు తగ్గ స్ప్రింగులు, బుష్‌లు, బేరింగులు, హైఫ్యాక్స్, లిమిటర్ పట్టీ మార్చండి. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. కానీ మీ టనెల్‌కి కొత్త బెజ్జం ఒక్కటి కూడా పడదు, పైగా ఇంజనీర్లు ఆ చట్రానికి లెక్కేసి పెట్టిన చోటే అన్నీ ఉంటాయి.

స్ప్రింగుల మీద కాస్త ఆగాలి, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణం, ఎగరేసి కొట్టడం, సగం ఇక్కడిదే. టార్షన్ స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే 0.375 అంగుళాల తీగ బదులు 0.405 అంగుళాలది వేస్తే, కంటికి ఆనని ముప్పావు మిల్లీమీటరు తేడా మూడో వంతుకు పైగా గట్టిదనం పెంచుతుంది, చుట్లు, చుట్టు వ్యాసం అవే అయితే. అందుకే పాత యజమాని ఏది వేశాడో వెర్నియర్‌తో కొలవండి. ఇద్దరెక్కే వాడకానికి వేసిన స్ప్రింగు మీద మీరొక్కరే కూర్చుంటే గుర్రం లాగే ఎగురుతుంది. దానికి తోడు షాక్ పోయుంటే నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా విడుదలవుతుంది, దాన్ని ఆపేది ఉండదు. చాలామంది దీన్ని గతుకు దెబ్బ అనుకుంటారు, నిజానికి అది గతుకు దాటాక తగిలే తిరుగుదెబ్బ. ఇంకో మాట, అడ్జస్టర్‌ని చివరిదాకా తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. మొదట్లో కదలడానికి మొరాయిస్తుంది, చివర్లో అడుగంటడం మానదు. రైడింగు బట్టలతో సహా బరువు చూసుకుని తీగ మందం ఎంచుకోండి. బండి మీద కూర్చున్నప్పుడు మొత్తం ట్రావెల్‌లో పావు నుంచి మూడో వంతు దాకా దిగేలా అడ్జస్టర్ పెట్టండి, మీ మోడల్ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం. కుడి, ఎడమ స్ప్రింగులు వేరువేరు, తారుమారు చేస్తే కూర్చోవు.

ఇక పరీక్షలో మీ స్కిడ్ ఓడిపోయింది, రైల్ విరిగింది, ఆర్మ్ పగిలింది అనుకుందాం. లేదా అన్నీ బాగున్నా మీకు నిజంగానే ఎక్కువ ట్రావెల్ కావాలి. అప్పుడు అసలు విషయం బెజ్జాలది.

ముందు ఆర్మ్ పై చివర టనెల్‌కి బిగిసిన చోటు ఒక కీలు. స్కిడ్ నలిగేటప్పుడు రైల్స్ ముందుభాగం ఆ కీలు చుట్టూ వంపుగా తిరుగుతూ పైకీ వెనక్కీ జరుగుతుంది. ట్రాక్ మాత్రం సాగదు. డ్రైవ్ స్ప్రాకెట్ల చుట్టూ, రైల్స్ చుట్టూ, వెనక చక్రాల చుట్టూ అది తిరిగే దారి పొడవు ట్రావెల్ అంతటా దాదాపు ఒకటే ఉండాలి. కీలు ఉండాల్సిన చోటుకన్నా ముందుకో, వెనక్కో, పైకో జరిగితే ఈ లెక్క చెడుతుంది. స్కిడ్ నలగకుండా ఉన్నప్పుడు టెన్షన్ సరిగ్గానే ఉంటుంది, సగం నలిగేసరికి ట్రాక్ వదులై స్ప్రాకెట్ పళ్ల మీద టకటకా దాటేస్తుంది. లేదంటే బిగుసుకుపోయి బేరింగుల్ని, యాక్సిల్‌ని లాగేస్తుంది. షెడ్డులో నిలబెట్టిన బండిలో ఈ రెండూ కనిపించవు. మొదటి పెద్ద గుంతలోనే బయటపడతాయి.

అదే బెజ్జం బండి నడకనీ మారుస్తుంది. స్కిడ్ మొత్తంగా వెనక్కి జరిగితే స్కీల (బండి ముందు జారే పట్టీల) మీద బరువు పెరుగుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. ముందు బెజ్జం కిందికి దించితే బండి ముక్కు లేస్తుంది, స్కీలు తేలికై మలుపులో తిన్నగా పోతానంటుంది. ఈ రెండోదాన్ని కొంతవరకు లిమిటర్ పట్టీ కురచ చేసి సర్దుకోవచ్చు. ఆ పట్టీ ముందు ఆర్మ్ ఎంత తెరుచుకోవాలో ఆపుతుంది కదా, కురచ చేస్తే స్కీల మీద బరువు పెరుగుతుంది, పొడుగు చేస్తే తగ్గుతుంది. కానీ పట్టీతో సర్దుకునేది కొద్దిపాటి తేడానే, తప్పుచోట వేసిన బెజ్జాన్ని పట్టీ కాపాడదు.

కాబట్టి వాడిన స్కిడ్ కొనేటప్పుడు స్కిడ్‌ని కాదు, అది వేలాడుతున్న బండిని కొలవండి. ఇంకా విప్పకముందే అయితే మేలు. డ్రైవ్ యాక్సిల్ కేంద్రం నుంచి ముందు బెజ్జం కేంద్రానికి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత. అక్కణ్నుంచి వెనక బెజ్జానికి అడ్డంగా, నిలువుగా ఎంత. నిలువు కొలతలకు టనెల్ పైభాగాన్ని ఆధారం చేసుకోండి, నేలని కాదు. టనెల్ లోపలి వెడల్పు. టేపు కన్నా నమ్మకమైన పద్ధతి ఒకటుంది: మందపాటి కాగితాన్ని టనెల్ పక్కకు టేపుతో అంటించి, యాక్సిల్ బేరింగు అంచునీ రెండు బెజ్జాల అంచుల్నీ పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ కాగితాన్ని తెచ్చి మీ బండి మీద పెట్టి యాక్సిల్ కేంద్రాలు కలపండి. మీ పాత బెజ్జాలకూ కొత్తవాటికీ తేడా అక్కడే కళ్ల ముందుంటుంది. టనెల్ పైభాగానికి సమాంతరంగా పెట్టడం మరచిపోవద్దు. విప్పి మూలన పడేసిన స్కిడ్ అమ్మేవాళ్లు ఏ మోడల్, ఏ సంవత్సరందో కచ్చితంగా చెప్పలేకపోతే నేనైతే వదిలేస్తాను. కొలతల్లేని స్కిడ్ తుక్కు కింద లెక్క.

రెండో పొంతన రైల్స్, ట్రాక్, స్ప్రాకెట్ల మధ్య. ట్రాక్ లోపలి వైపు లోహపు క్లిప్పులు వరసగా ఉంటాయి, హైఫ్యాక్స్ వాటి మీదే జారుతుంది. రెండు రైల్స్ మధ్య దూరం ఆ క్లిప్పుల వరసల మధ్య దూరానికి సరిపోవాలి. కంపెనీని బట్టి ఇది మారుతుంది. తేడా ఉంటే క్లిప్పు భుజాలు హైఫ్యాక్స్ పక్కల్ని కోసేస్తాయి. సరే, స్కిడ్‌తోపాటు దాని ట్రాక్ కూడా తెచ్చుకుంటానంటారా, అప్పుడు మీ డ్రైవ్ స్ప్రాకెట్లు దానికి కుదరాలి. పిచ్ అంటే ఒక పంటికీ ఇంకో పంటికీ మధ్య దూరం. పాత ట్రెయిల్ బళ్లలో ఎక్కువగా 2.52 అంగుళాలు. 121 అంగుళాల ట్రాక్ అంటే అలాంటివి 48, 136 అంటే 54. కొండల బళ్ల ట్రాకులు 2.86, 3 అంగుళాల పిచ్‌తో కూడా వస్తాయి, మీ స్ప్రాకెట్ మీద అవి కూర్చోవు. అంటే యాక్సిల్ విప్పాలి, స్ప్రాకెట్లు మార్చాలి. స్కిడ్ మార్పిడి అనుకున్నది మెల్లగా సగం బండి మార్పిడి అవుతుంది. వేరే కంపెనీ స్కిడ్లు, అంటే ఆర్కిటిక్ క్యాట్‌వి, స్కీ-డూ ఎస్‌సీ-10 రకం, యమహా ప్రోయాక్షన్, ఇవన్నీ తమ తమ బళ్లలో బాగా నడిచేవే. మీ ఇండీలో పెట్టొద్దని చెప్పడానికి కారణం ఈ పొంతనే, వాటి నాణ్యత కాదు.

(1960ల నాటి బోగీ చక్రాల (రైల్స్ బదులు చిన్న చక్రాల గుంపుల మీద ట్రాక్ నడిచే) బండికి స్లైడ్ రైల్ పెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఆ ట్రాకులకు హైఫ్యాక్స్ జారే క్లిప్పులు ఉండవు. ట్రాక్ మార్చకుండా ఆ పని మొదలెట్టకండి.)

ఇప్పుడు మీ ముందున్న మూడింటి సంగతి.

ఎడ్జ్ స్కిడ్. బాగా పనిచేసే సస్పెన్షన్, సందేహం లేదు. కప్లింగ్ దాని బలం. పాత స్కిడ్లలో ముందు ఆర్మ్, వెనక ఆర్మ్ ఎవరి దారిన అవి కదిలేవి. గ్యాస్ ఇస్తే వెనక కూర్చుండిపోయి స్కీలు గాల్లోకి లేచేవి, గుంతల వరసలో వెనకభాగం పైకి తన్నేది. కప్లింగ్ ఉంటే ఒకటి కొంతదూరం కదిలాక రెండోదాన్ని వెంట లాక్కుపోతుంది. మీరు పడుతున్న బాధకు అది నిజమైన మందు. చిక్కెక్కడంటే, ఆ స్కిడ్ దానికి తగ్గ ముందు సస్పెన్షన్ ఉన్న, వేరే చట్రం కోసం పుట్టింది. మీ పాత ట్రెయిల్‌కి ముందు ట్రావెల్ తక్కువ. వెనక ఎక్కువ, ముందు తక్కువ ఉన్న బండి గుంతలో వెనక మెత్తగా దిగుతుంది, ముందు ధడేల్మని అడుగంటుతుంది, ఊగుడుకుర్చీలా ముందుకీ వెనక్కీ ఊగుతూ పోతుంది. ఎత్తు పెరిగి మలుపులో లోపలి స్కీ లేస్తుంది. ముందు షాకులు, స్ప్రింగులు కూడా మార్చే ఉద్దేశం ఉంటేనే దీని జోలికి వెళ్లండి, అదీ బెజ్జాల కాగితం చూసుకున్నాక.

ఎం-10. మిన్నెసోటాలోని ఎవలెత్‌లో ఫాస్ట్ అనే సంస్థ నుంచి వచ్చింది, దాని వెనక ఉన్నాయన జెరార్డ్ కార్పిక్. పొలారిస్ కొన్ని మోడళ్లలో దాన్ని ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మింది. కూర్చుని నడిపేవాళ్లకు, గతుకుల ట్రెయిల్ మీద గంటల తరబడి పోయేవాళ్లకు పాత స్కిడ్లలో ఇంత సుఖమైనది తక్కువ. నడుం నొప్పి మీ ప్రధాన ఫిర్యాదు కాబట్టి మీ మిత్రుడి సలహా గాలికి చెప్పింది కాదు. కానీ దీనికి కీళ్లు, లింకులు ఎక్కువ. వాడినది కొంటే ఇందాకటి బుష్‌ల పరీక్షంతా ఇక్కడ రెట్టింపు చేయాలి. ప్రతి లింకూ విడిగా కదిపి చూడండి, అమ్మేవాడు విసుక్కున్నా సరే. నడిపేవాడి బరువుకు తగ్గట్టు సర్దకపోతే దాని గొప్ప అంతా వృథా, చాలామంది దాన్ని తిట్టేది ఆ సర్దుబాటు చేయకే. మీ టనెల్‌కు సరిపోయే బిగింపు కొలతలు, బ్రాకెట్లు దాంతో వస్తేనే తీసుకోండి.

మీ జాబితాలో లేనిది ఒకటి నేను చేరుస్తాను: తొంభైల్లోనే ఇండీల్లోకి వచ్చిన ఎక్స్‌ట్రా-10. పేరు గొప్పది కాదు, చూడ్డానికీ మీ దానికి దగ్గరగానే ఉంటుంది. కానీ అదే కుటుంబం, అదే ట్రాక్ రకం, మీ ముందు సస్పెన్షన్‌కి మరీ మించిపోని ట్రావెల్. బెజ్జాల తేడా ఉంటే ఉంటుంది, కాగితం అచ్చుతో అదీ తేలుతుంది. తుక్కుకు వెళ్లబోతున్న ఇండీలు ఎక్కువ కాబట్టి దొరకడం సులువు, టనెల్‌తో సహా కళ్లారా కొలవొచ్చు. మీ స్కిడ్ పరీక్షలో ఓడితే మొదట వెతకాల్సింది దీన్నే. ట్రావెల్ అంకెలు పోల్చి ఎడ్జ్ ముందు ఇది చిన్నదనుకోకండి. ఎక్కడ, ఎలా కొలిచారన్నదాన్ని బట్టి ఆ అంకెలు మారతాయి, ఒక మోడల్ కరపత్రం అంకెని ఇంకో దానితో పోల్చడం దండగ.

136 అంగుళాలకు పొడిగించడం వేరే ప్రశ్నకు జవాబు. మెత్తటి, లోతైన మంచులో కూరుకుపోతున్నవాళ్లకు అది కావాలి. వరస గుంతల మీద పొడుగు స్కిడ్ రెండు గుంతల్ని కలిపి దాటేస్తుంది కాబట్టి కొంత సుఖం నిజమే. ట్రాక్ 15 అంగుళాలు పెరిగితే స్కిడ్ పొడవు దాదాపు 7.5 అంగుళాలు పెరుగుతుంది, సగం పైన సగం కింద పోతుంది కదా. ఆ 7.5 అంగుళాలూ టనెల్ దాటి బయటికొస్తాయి. టనెల్ పొడిగింపు, బంపర్, మంచు ఆపే రబ్బరు తెర అన్నీ వెనక్కి జరపాలి. తెర లేని ట్రాక్, అందులోనూ స్టడ్లు (పట్టు కోసం బిగించే లోహపు మేకులు) ఉన్నది, వెనక వచ్చేవాడి మీదకు ఐసు ముక్కలు విసురుతుంది. బరువు పెరుగుతుంది, మలుపు మందగిస్తుంది, ఫ్యాన్ ఇంజను మీద భారం పడుతుంది. చైన్‌కేసులో (ఇంజను శక్తిని ట్రాక్‌కు చేర్చే గొలుసు పెట్టెలో) పై స్ప్రాకెట్ ఒకటి రెండు పళ్లు తగ్గించాల్సి రావొచ్చు. మీరు ట్రెయిల్ మీదే తిరుగుతారని రాశారు. అక్కర్లేదు.

ఏది పెట్టినా బెజ్జం పెద్దది చేసేముందు ఒక తంతు ఉంది, ఇది మాత్రం దాటేయకండి. గుర్తుపెట్టిన చోట సన్నటి డ్రిల్లుతో చిన్న బెజ్జం వేసి, తాత్కాలికంగా సన్నబోల్టులతో స్కిడ్‌ని నిలబెట్టండి. స్ప్రింగులు, షాకులు లేకుండా. ట్రాక్ వేసి మామూలు టెన్షన్ పెట్టండి. ఇప్పుడు టనెల్ మీదుగా రాచెట్ పట్టీ చుట్టి స్కిడ్‌ని కొద్దికొద్దిగా పైకి లాగండి. ప్రతి అంగుళానికీ ఆగి ట్రాక్ మధ్యలో చేత్తో లాగి చూడండి, ఎంత వదులవుతోంది, ఎక్కడ బిగుస్తోంది. పూర్తిగా నలిగినప్పుడు ట్రాక్ పళ్ల కొసలకూ టనెల్ కప్పుకూ మధ్య వేళ్లు దూరేంత ఖాళీ మిగలాలి, స్టడ్లుంటే వాటి కొసల నుంచి కొలవాలి. రైల్స్ ముందు కొసలు డ్రైవ్ స్ప్రాకెట్లకు ఎంత దగ్గరికొస్తున్నాయో కింద పడుకుని చూడండి. ద్రవంతో చల్లబడే ఇంజనున్న బళ్లలో టనెల్ కింద రేడియేటర్లు కూడా వేలాడుతుంటాయి, మీకా బెడద లేదు. ఎక్కడైనా తగిలితే బెజ్జం కొద్దిగా జరిపి మళ్లీ మొదటినుంచి. ఒక సాయంత్రం దీనికి పోతుంది, పోనివ్వండి.

అంతా కుదిరాక టనెల్ పలచటి రేకని గుర్తుంచుకోండి. కొత్త బెజ్జం దగ్గర లోపలో బయటో అల్యూమినియం పలక వేసి రివెట్లు కొట్టాలి, పాత బెజ్జం పక్కనే కొత్తది పడితే మరీ తప్పనిసరి. లేకపోతే రెండింటి మధ్య రేకు చిరిగిపోతుంది. స్కిడ్ షాఫ్టు టనెల్ లోపలి వెడల్పు కన్నా పొట్టిదైతే రెండు పక్కలా సమానంగా స్పేసర్లు పెట్టండి. బోల్టు బిగించి టనెల్‌నే లోపలికి లాగేస్తే ఆ వంకర ట్రాక్ వరసకు వస్తుంది. బోల్టులు మంచి గ్రేడువి కొత్తవి, దారాలకు లాకింగు జిగురు. ఈ బోల్టుల బలం బిగింపులో ఉంది. వదులైతే బరువంతా బోల్టు నడుం మీద పడి తెగుతుంది.

తర్వాత వెనక స్టాండ్ మీద ట్రాక్‌ని నెమ్మదిగా తిప్పి రెండు పక్కలా రైల్‌కీ ట్రాక్ కిటికీల (ట్రాక్‌లోని రంధ్రాల) అంచుకీ మధ్య ఖాళీ సమానంగా ఉండేలా వెనక యాక్సిల్ సర్దండి. తిరిగే ట్రాక్ వెనక ఎవరినీ నిలబడనివ్వొద్దు. మొదటి రోజు కొన్ని కిలోమీటర్లు పోయి ఆగి నాలుగు బోల్టులూ మళ్లీ బిగించండి, టెన్షన్ మళ్లీ చూడండి. కొత్త హైఫ్యాక్స్, కొత్త బుష్‌లు కూర్చునేదాకా అది మారుతుంది. గట్టి ఐసు మీద ఎక్కువ నడిపేవాళ్లు రైల్స్‌కి అదనపు చక్రాలు, ఐసు గీరే కొక్కేలు వేసుకోండి. మంచు చిమ్మకపోతే హైఫ్యాక్స్‌కి తడి అందక కరిగిపోతుంది.

స్ప్రింగులు తప్పించి రైల్స్ ఎత్తి చూశాక ఏమైందో రాయండి. దాంతోపాటు స్ప్రింగు తీగ మందం, బట్టలతో మీ బరువు, ఒంటరిగా నడుపుతారా ఇద్దరా, మీ టనెల్ మీద యాక్సిల్ నుంచి రెండు బెజ్జాల కొలతలు పెడితే, బాగుచేయడమా, ఎక్స్‌ట్రా-10 వెతకడమా అన్నది ఇక్కడే తేల్చేయొచ్చు. ఆ ఎడ్జ్ స్కిడ్ అమ్మేవాళ్లకు మాత్రం అప్పటిదాకా డబ్బు పంపకండి.